కొండ మీది విశ్రాంతిని ఎవరు మోశారు? - క్రైస్తవ రిట్రీట్ శిబిరాల చరిత్ర, మన ప్రశ్నలు



ఈసారి పోస్టు కాస్త పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

వేసవి సెలవులు దగ్గర పడితే మన హాస్టళ్ళలో రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "ఫలానా చోట యూత్ రిట్రీట్ ఉంది, వస్తావా?" అని. ఇంకోటి, "ఫలానా క్యాంపులో పని ఉంది, వస్తావా?" అని. వంట దగ్గర, గదులు ఊడ్చే దగ్గర, టెంట్లు వేసే దగ్గర పని. మన గ్రూపులో మొదటిదానికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, రెండోదానికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కొండ ఒకటే, క్యాంపు ఒకటే. ఒకరు అక్కడికి విశ్రాంతికి వెళ్తారు, ఇంకొకరు కూలికి వెళ్తారు. ఈ తేడా ఎక్కడ మొదలైంది, దాన్ని చెరపాలని ఎవరైనా చూశారా, చూస్తే ఎంతవరకు చెరిగింది - ఇదే ఈ పోస్టు.

ముందే ఒక మాట. మనలో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, మోదకొండమ్మకి మొక్కేవాళ్ళు ఉన్నారు, ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. ఎవరి దేవుడు గొప్ప అన్న గొడవ ఇక్కడ వద్దు. మిషన్ బడుల్లో చదువుకుని, మిషన్ ఆస్పత్రుల్లో బతికినవాళ్ళు మన తాతల్లో ఎందరో. ఆ మేలు మేలే. మేం అడిగేది పని గురించి.

1. కొడైకెనాల్: చావు భయంతో ఎక్కిన కొండ

దక్షిణ భారతంలో మిషనరీల విశ్రాంతి కొండ అంటే ముందు చెప్పాల్సింది కొడైకెనాల్. ఇప్పుడు హనీమూన్ ఊరు, సినిమా పాటల ఊరు అనుకుంటాం గానీ ఆ ఊరు పుట్టింది అలా కాదు.

అమెరికన్ మిషన్ 1834లో మదురైలో పని మొదలుపెట్టింది. ఎండ, కలరా, జ్వరాలు. పదేళ్ళు తిరిగేసరికి చాలామంది చనిపోయారు. వాళ్ళలో చిన్న పిల్లలూ ఉన్నారు. బతకాలంటే చల్లటి చోటు కావాలి అనుకున్నారు. మొదట దగ్గర్లోని సిరుమలై కొండలు చూశారు. అక్కడ జ్వరం ఉందని వదిలేశారు. తర్వాత ఇంకా ఎత్తైన పళని కొండల మీదికి వెళ్ళి 1845లో రెండు బంగళాలు కట్టారు. వాటి పేర్లు సన్నీసైడ్, షెల్టన్. ఆ చోట ఉన్న గుట్టకి మౌంట్ నెబో అని పేరు పెట్టారు. బైబిల్లో మోషే వాగ్దాన భూమిని చూసిన కొండ పేరు అది.

కొండ ఎక్కితే జ్వరం ఎందుకు రాదో అప్పటికి ఎవరికీ తెలీదు. చెడుగాలి వల్ల జ్వరం వస్తుందని నమ్మేవారు. మలేరియాని దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ తేల్చింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. కొడైకెనాల్ 2100 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ చలిలో మలేరియా దోమ బతకడం కష్టం. సిరుమలై అంత ఎత్తు కాదు, అందుకే అక్కడ జ్వరం ఉంది. మన మన్యం కొండలదీ అదే కథ. కొండ అయినా జ్వరం ఉండేది, అందుకే మైదానం అధికారులు మన ఏజెన్సీకి బదిలీ అంటే భయపడేవారు. వాళ్ళు వెతికింది కొండ కోసం కాదు, దోమ ఎక్కలేనంత ఎత్తు కోసం. తెలియకుండానే.

ఆ తర్వాత ఊరు పెరిగింది. 1863లో మదురై మాజీ కలెక్టర్ వియర్ హెన్రీ లెవింజ్ చెరువు కట్టించాడు. 1875లో కొండ కింద మైదానంలో రైల్వే స్టేషన్ వచ్చింది. 1895లో జెసూట్లు షెంబగనూర్‌లో తమ కాలేజీ పెట్టారు. 1901లో మిషనరీల పిల్లల కోసం ఒక బోర్డింగ్ స్కూలు మొదలైంది, మొదట 13 మంది పిల్లలతో. ఒక్క మదురై మిషన్ వాళ్ళే కాదు, తెలుగు ప్రాంతంలో పనిచేసే మిషన్లు కూడా అక్కడ ఇళ్ళు కట్టుకున్నాయి. హేయర్ 1842లో గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ మిషన్ వాళ్ళు కూడా ఎండాకాలం అక్కడికి వెళ్ళేవారు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండ ఎట్లా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు. పైన ప్రార్థన కూటాలు, ప్రసంగాలు, చర్చలు, టెన్నిస్, పడవ షికారు. ఏడాదంతా పల్లెల్లో ఒంటరిగా పనిచేసిన మనుషులు అక్కడ ఒకరినొకరు కలుసుకునేవారు. హాస్టల్‌లో ఉన్న పిల్లల్ని కూడా అప్పుడే దగ్గరగా చూసుకునేవారు. వాళ్ళకి ఆ విశ్రాంతి అవసరమే. ఎవరూ కాదనరు.

2. కుర్చీ కింద భుజాలు

ఇప్పుడు మన ప్రశ్న. 2100 మీటర్ల ఎత్తుకి ఎట్లా వెళ్ళారు?

మోటారు రోడ్డు వచ్చింది 1910లు దాటుతుండగా. అంటే మొదటి బంగళాలు కట్టిన దాదాపు 70 ఏళ్ళ తర్వాత. ఆ 70 ఏళ్ళూ కొండ కింద దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి పైకి కాలిబాట. నడవగలిగినవాళ్ళు నడిచారు, కొందరు గుర్రం ఎక్కారు. మిగిలినవాళ్ళని కుర్చీకి పొడుగు కర్రలు కట్టి కూలీలు భుజాల మీద మోసుకెళ్ళారు. ఆడవాళ్ళని, పిల్లల్ని, జబ్బు మనుషుల్ని, ఆరోగ్యంగా ఉన్న దొరల్ని కూడా. మనిషితో పాటు ట్రంకు పెట్టెలు, పరుపులు, వంట సామాను. ఆ కాలిబాటకి కూలీ ఘాట్ అనే పేరే పడిపోయింది. మోసిన మనుషుల్లో ఒక్కరి పేరూ ఆ బాటకి రాలేదు. వాళ్ళ పని పేరు వచ్చింది.

పైకి వెళ్ళాక కూడా పని ఆగదు. పొయ్యిలోకి కట్టెలు, స్నానానికి వేన్నీళ్ళు, రొట్టె కాల్చడం, బట్టలు ఉతకడం, పిల్లల్ని ఎత్తుకునే ఆయాలు, పాయిఖానా ఎత్తే మనుషులు. దొరలు తమ వంటవాళ్ళనీ ఆయాలనీ మైదానం నుంచి వెంట తెచ్చుకునేవారు. మదురై, గుంటూరు ఎండకి అలవాటు పడిన ఆ మనుషులకి చలి కొత్త. యజమానికి చల్లటి గాలి మందు, పనిమనిషికి అదే గాలి ఒక కొత్త కష్టం.

అందరూ దుర్మార్గులు అని చెప్పడం లేదు. కూలి ఇచ్చేవారు. కొందరు జబ్బు చేస్తే మందులు కూడా ఇచ్చారు. కానీ ఒక మాట ఆలోచించండి. ఆ ఊరి చరిత్రలో బంగళాలకి పేర్లు ఉన్నాయి, గుట్టకి పేరు ఉంది. సన్నీసైడ్‌ని మనం 180 ఏళ్ళ తర్వాత కూడా పేరు పెట్టి పిలుస్తున్నాం. దాన్ని కట్టడానికి సామాను మోసినవాడిని ఏ పేరుతో పిలవాలి?

ఇంకొకటి. ఆ కొండలు ఖాళీగా లేవు. పళని కొండల్లో పళియర్లు, పులయర్లు అప్పటికే ఉన్నారు. పళియర్లు దుంపలు, తేనె మీద బతికే అడవి మనుషులు. వాళ్ళ కన్నా ముందటి మనుషులు పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి కట్టిన సమాధులు ఆ కొండల నిండా ఉన్నాయి. షెంబగనూర్ జెసూట్లే వాటిని లెక్కపెట్టి, కొలతలు తీసి, 1928లో పుస్తకం వేశారు. వేల ఏళ్ళుగా మనుషులు తిరిగిన కొండని 1845లో "కనుక్కున్న" ఊరు అని టూరిస్టు పుస్తకాలు రాస్తాయి. ఇది మన అరకుకి, మన లంబసింగికి కూడా జరుగుతున్నదే.

డోలీ అన్న మాట మనకి కొత్త కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పార్వతీపురం మన్యం జిల్లాలో ఇప్పటికీ రోడ్డు లేని గూడేలు ఉన్నాయి. నొప్పులు వచ్చిన ఆడమనిషిని గెడకర్రకి దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా పట్టుకుని కొండ దిగుతారు. వాగు దాటుతారు. అంబులెన్స్ ఆగిన చోటికి చేరేలోపు బిడ్డ దారిలోనే పుడుతుంది, లేదా ఇంకేదో జరుగుతుంది. ఏటా పేపర్లో ఫొటో వస్తుంది, కింద "తప్పని డోలీ మోత" అని రాస్తారు.

కొడైకెనాల్ డోలీ పైకి ఎక్కింది, మన డోలీ కిందికి దిగుతోంది. అక్కడ చల్లగాలి కోసం మోశారు, ఇక్కడ ప్రాణం కోసం మోస్తున్నారు. అక్కడ 70 ఏళ్ళకి రోడ్డు పడింది, ఎందుకంటే పైన బంగళాలు ఉన్నాయి. ఏ కొండకి రోడ్డు పడుతుంది, ఏ కొండకి పడదు అన్నది కొండ ఎత్తుని బట్టి ఉండదు. పైన ఎవరు ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇదొక్కటి అర్థమైతే ఈ చరిత్ర చదివినందుకు ఫలితం దక్కినట్టే.

3. తిరుపత్తూరు, సాత్ తాల్: పని పంచుకుందాం అన్నవాళ్ళు

ఈ తేడా ఆ కాలంలోనే కొందరు క్రైస్తవులకి కూడా గుచ్చుకుంది. వాళ్ళ సంగతీ చెప్పాలి, లేకపోతే కథ సగమే అవుతుంది.

1915లో గాంధీ అహ్మదాబాద్‌లో ఆశ్రమం పెట్టాడు. అక్కడ వంటా, పాయిఖానా శుభ్రం చేయడం అందరి పని. దేశంలో చాలామంది దాన్ని చూశారు, క్రైస్తవులూ చూశారు. బంగళా వద్దు, ఆశ్రమం కావాలి అన్న ఆలోచన వాళ్ళలోనూ వచ్చింది.

1921లో ఇద్దరు డాక్టర్లు, తమిళుడైన జేసుదాసన్, స్కాట్లాండ్ మనిషి ఫారెస్టర్ పాటన్, ఉత్తర ఆర్కాటులోని తిరుపత్తూరులో క్రిస్తుకుల ఆశ్రమం పెట్టారు. జవ్వాది కొండల దగ్గరి ఊరు అది. ఆ కొండల మీద మలయాళి తెగవాళ్ళు ఉంటారు. ఇద్దరూ ఖద్దరు కట్టారు. చుట్టుపక్కల జనానికి వైద్యం చేశారు. ప్రార్థనా మందిరాన్ని ద్రావిడ గుడి లాగా కట్టుకున్నారు. ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు ఒకే కప్పు కింద, ఒకే తిండి తింటూ, సమానంగా ఉండటమే అప్పట్లో పెద్ద వార్త.

1930లో ఇంకోటి మొదలైంది. ఇప్పటి ఉత్తరాఖండ్‌లో, నైనిటాల్ దగ్గర సాత్ తాల్ అనే చోటు. చుట్టూ చెరువులు, ఓక్, పైన్ చెట్లు. స్టాన్లీ జోన్స్ అనే అమెరికన్ మెథడిస్టు మిషనరీ, యూనస్ సిన్హా అనే భారతీయ పాస్టరు, ఎథెల్ టర్నర్ అనే మిషనరీ కలిసి అక్కడ వేసవి ఆశ్రమం పెట్టారు. జోన్స్ పేరు అందరికీ తెలుసు. ఆయన గాంధీ మీద రాసిన పుస్తకం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ కూడా చదివాడు. యూనస్ సిన్హా పేరు ఎందరికి తెలుసు?

సాత్ తాల్‌లో పద్ధతి ఇలా ఉండేది. వచ్చినవాళ్ళు బిషప్ అయినా, డాక్టర్ అయినా బిరుదులు గేటు బయట వదిలేయాలి. లోపల అందరూ బ్రదర్, సిస్టర్. కట్టూ తిండీ మన దేశపువి. రోజులో కొంత సేపు మౌనం, కొంత సేపు ప్రార్థన, కొంత సేపు ఒళ్ళు వంచి పని. రాళ్ళు ఎత్తడం, దారులు బాగుచేయడం. ఇవన్నీ ఇప్పటి రిట్రీట్లలో కూడా ఎంతో కొంత కనబడతాయి.

అన్నిటికన్నా మేం ఆగి చదివింది ఒక నియమం. వారానికి ఒక రోజు పనివాళ్ళందరికీ సెలవు. పాయిఖానాలు ఎత్తే మనిషికి కూడా. ఆ రోజు వాళ్ళ పనులు విశ్రాంతికి వచ్చినవాళ్ళే చేయాలి. అప్పటికి నీళ్ళు పోస్తే పోయే పాయిఖానాలు అక్కడ లేవు. చేత్తో ఎత్తి తీసుకెళ్ళి పారబోయాల్సిందే. జోన్స్ తన రాతల్లో ఒక సంగతి చెప్పాడు. బ్రాహ్మణ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఒకాయన ఈ పనికి మాత్రం ముందుకు రావడం లేదు. మీరెప్పుడు చేస్తారు అని జోన్స్ అడిగితే, నేను మారాను గానీ అంత దాకా మారలేదు అన్నట్టు జవాబిచ్చాడట.

ఆ జవాబు వింటే నవ్వొస్తుంది. కానీ అందులో ఒక నిజం ఉంది. దేవుణ్ణి మార్చుకోవడం కన్నా చీపురు పట్టుకోవడం కష్టం. ఇది క్రైస్తవుల సంగతి మాత్రమే కాదు. అన్ని మతాల సంగతీ, పార్టీల సంగతీ, సంఘాల సంగతీ. మన సంఘాల సంగతి కూడా.

అలాగని సాత్ తాల్‌ని ఊరికే మెచ్చుకుని వదిలేయలేం. వారంలో ఒక్క రోజు సరే, మిగిలిన ఆరు రోజులు ఆ మనిషే ఎత్తాడు. ఒక రోజు చేసినవాడికి అది ఆత్మకి పాఠం. ఆరు రోజులు చేసినవాడికి అది బతుకు. ఆ బ్రాహ్మణుడి మాట పుస్తకాల్లో నిలిచింది. ఆ సెలవు రోజున ఆ పనిమనిషి ఏం చేశాడు, ఎక్కడికి వెళ్ళాడు, తన పని ఇంకొకరు చేస్తుంటే ఏమనుకున్నాడు అన్నది కథలోకి రాలేదు. మంచి చేసినవాళ్ళ చరిత్రలో కూడా మేలు పొందినవాడికి మాట ఉండదు. దీన్ని మనం గుర్తుపట్టాలి.

అయినా 1930లో ఆ ఒక్క రోజు చిన్నది కాదు. ఇప్పుడు మనవాళ్ళు పనిచేసే క్యాంపుల్లో వారానికి ఒక సెలవు ఎన్నింట్లో ఇస్తున్నారో మీరే చెప్పండి.

4. కరంజియా: కొండ మీద కాదు, గూడెంలోనే

మూడో చోటు మనకి ఇంకా దగ్గర. గోండుల ఊరు.

వెరియర్ ఎల్విన్ పేరు మనలో పోటీ పరీక్షలకి చదివే ప్రతివాడికీ తెలుసు. బిట్లలో నాలుగు ఆప్షన్లలో ఒకడుగా తెలుసు. ఆయన మొదట పాస్టరు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి 1927లో పూనాలోని క్రిస్త సేవా సంఘం అనే క్రైస్తవ ఆశ్రమానికి వచ్చాడు. గాంధీ ప్రభావంలో పడ్డాడు. ఆ ఆశ్రమం వదిలి, 1932 మొదట్లో, షామ్‌రావ్ హివాలే అనే మరాఠీ క్రైస్తవ మిత్రుడితో కలిసి మధ్య పరగణాల్లోని మండ్లా జిల్లా కరంజియా అనే గోండు ఊరికి వెళ్ళాడు. ఇప్పుడది మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లాలో ఉంది. అక్కడ మట్టి గోడలు, వెదురు, గడ్డి కప్పుతో సెయింట్ ఫ్రాన్సిస్ పేరున ఒక ఆశ్రమం. మందుల గది, బడి.

కొడైకెనాల్‌తో పోల్చి చూడండి. అక్కడ జ్వరం నుంచి పారిపోయి కొండ ఎక్కారు. ఇక్కడ వీళ్ళు జ్వరం ఉన్న చోటికే వచ్చి కూర్చున్నారు. ఎల్విన్‌కి పదే పదే మలేరియా వచ్చింది. అయినా ఉండిపోయాడు.

ఆయన మొదట తెచ్చిన నియమాలు గాంధీ ఆశ్రమం నియమాలు. రాట్నం, శాకాహారం, బ్రహ్మచర్యం, సారా ముట్టకపోవడం. గోండు ఊరికి అవి ఎట్లా అతుకుతాయి? ఇప్ప పువ్వు లేకుండా పండగ ఉందా? ఆట లేకుండా పెళ్ళి ఉందా? కొన్నాళ్ళు ఉండేసరికి మారింది గోండులు కాదు, ఆయనే మారాడు. మతం మార్చే పని మానేశాడు. నాగపూర్ బిషప్ ప్రభుత్వానికి విధేయంగా ఉంటానని మాట ఇమ్మంటే ఇవ్వలేదు. 1935లో చర్చినే వదిలేశాడు. 1936లో ఆ ఊరి బతుకు మీద డైరీ లాంటి పుస్తకం వేశాడు. తర్వాత బైగాల మీద, ఒడిశా బోండాల మీద, 1955లో సవరల మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాశాడు. మన శ్రీకాకుళం, మన్యం సవరల బంధువులే ఆ ఒడిశా సవరలు.

ఇక్కడ కూడా రెండో వైపు ఉంది. 1940లో ఆయన ఒక గోండు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1949లో విడాకులు. ఆయన ఈశాన్యానికి వెళ్ళి ప్రభుత్వానికి సలహాదారు అయ్యాడు, 1961లో పద్మభూషణ్ అందుకున్నాడు. ఆమె అదే జిల్లాలో పేదరికంలో మిగిలింది. గిరిజనుల గురించి అన్ని వేల పేజీలు రాసిన మనిషి ఇంట్లో ఉన్న గిరిజన స్త్రీ మాట మనకి దాదాపు వినబడదు.

అంటే కొడైకెనాల్‌లో మన లాంటివాళ్ళు మోశారు. సాత్ తాల్‌లో వారానికి ఒక రోజు మోత దించుకున్నారు. కరంజియాలో బయటివాళ్ళు వచ్చి మన పక్కన కూర్చున్నారు, మనల్ని చూసి మారారు కూడా. ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు. కానీ ఏ మెట్టు మీదా రాసే కలం మన చేతిలో లేదు.

5. మన లంబసింగి

ఇప్పుడు మన కొండకి వద్దాం.

లంబసింగి మీదుగా ఇప్పుడు డిసెంబరు, జనవరిలో కార్ల వరస ఆగదు. మంచు చూడ్డానికి వస్తారు. టెంట్లు, క్యాంప్‌ఫైర్, వీకెండ్ ప్యాకేజీలు. చర్చి యూత్ రిట్రీట్లూ వస్తాయి, కంపెనీల టీములూ వస్తాయి.

నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఆ ఘాట్ రోడ్డు వేసింది మన ముత్తాతలు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో వెట్టి చేయించాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు, అడిగినవాళ్ళని కొట్టించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి దాడి చేసినప్పుడు ఆయన వెనక మనవాళ్ళు నడిచారంటే ఆ కోపంలో ఈ రోడ్డు కూడా ఉంది. గంటం దొర, మల్లు దొర పేర్లు మనకి తెలుసు, ఎందుకంటే వాళ్ళు తిరగబడ్డారు. తిరగబడకుండా రాళ్ళు కొట్టి, కడుపు మాడ్చుకుని ఇంటికి పోయినవాళ్ళ పేర్లు మన ముసలివాళ్ళ నోట్లోనే ఉన్నాయి. వాళ్ళు పోతే ఆ పేర్లూ పోతాయి.

ఆ రోడ్డు మీదే ఇప్పుడు టూరిస్టు వస్తున్నాడు. టెంటు వేసేది మనవాడు, కట్టెలు తెచ్చేది మన చెల్లి, పొద్దున్నే ఖాళీ సీసాలు ఏరేది మన పిన్ని. కొడైకెనాల్ పళియర్లకి లేనిది మనకి ఒకటి ఉంది. 1970 నాటి ఒకటవ నంబరు చట్టం, మనం 1/70 అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని చెప్పే చట్టం. 1997లో సమత కేసులో సుప్రీం కోర్టు దాన్ని ఇంకా గట్టిపరిచింది. కాబట్టి మన కొండ మీద క్యాంపు నడవాలంటే యజమాని మనవాడే కావాలి. కాగితం మీద గిరిజనుడి పేరు పెట్టి వెనక బయటివాడు నడిపితే అది మళ్ళీ కూలీ ఘాటే. మారేడుమిల్లి వైపు వన సంరక్షణ సమితుల ద్వారా స్థానిక గిరిజనులే నడుపుకునే శిబిరాలు ఉన్నాయి. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళి, లెక్కలు ఎట్లా రాస్తున్నారో, డబ్బు ఎట్లా పంచుకుంటున్నారో అడిగి తెలుసుకుని ఇక్కడ రాయండి.

6. అయితే మనం ఏం చేద్దాం?

చర్చికి వెళ్ళే మిత్రులకి ఒక మాట. రిట్రీట్ అన్న ఆలోచనకి ఆధారంగా చెప్పేది మార్కు సువార్త ఆరో అధ్యాయం. అలసిపోయిన శిష్యుల్ని యేసు ఏకాంతమైన చోటికి విశ్రాంతికి రమ్మంటాడు. చాలా ప్రసంగాలు అక్కడే ఆగిపోతాయి. ముందుకి చదవండి. వాళ్ళు వెళ్ళేసరికి అక్కడ ఆకలితో ఉన్న జనం ఉంటారు. విశ్రాంతికి వెళ్ళిన శిష్యులే చివరికి ఐదు వేల మందికి వడ్డిస్తారు, మిగిలిన ముక్కలు కూడా ఏరతారు. మొదటి రిట్రీట్‌లో వడ్డించింది కూలివాళ్ళు కాదు.

అందరికీ కలిపి మూడు సంగతులు.

ఒకటి, మన గ్రూపు ఈ వేసవిలో పెట్టుకునే శిబిరంలో వంటా, గిన్నెలూ, బాత్రూములూ వంతుల వారీగా చేద్దాం. కాగితం మీద పేర్లు రాసి గోడకి అంటిద్దాం. మగపిల్లల పేర్లు ముందు రాద్దాం. గిరిజన సంఘం మీటింగ్‌లో కూడా అన్నం వండేది ఆడపిల్లలే, మైకు పట్టేది మగపిల్లలే అయితే మనం ఎవర్ని అడుగుతాం? వారానికి ఒక రోజు కూడా కాదు, ఉన్న మూడు రోజులూ చేద్దాం.

రెండు, క్యాంపు పనికి వెళ్ళే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, వెళ్ళే ముందే అడగండి. రోజుకి ఎంత, ఎన్ని గంటలు, పడుకోడానికి చోటు ఎక్కడ, సెలవు ఎప్పుడు, ఆడపిల్లలకి వేరే గది ఉందా. అడగడం పొగరు కాదు. ఒంటరిగా వెళ్ళకండి, ఎక్కడికి వెళ్తున్నారో గ్రూపులో చెప్పి వెళ్ళండి.

మూడు, ఊరికి వెళ్ళినప్పుడు మీ తాతనో అవ్వనో కూర్చోబెట్టి అడగండి. డోలీ ఎవరెవర్ని మోశారు? ఏ దొరకి, ఏ అధికారికి, ఏ పాస్టరుకి, ఏ బాలింతకి? ఎంత దూరం? ఏమిచ్చారు? ఫోన్లో రికార్డు చేయండి. పేరు, ఊరు రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటేనే గ్రూపులో పెట్టండి. మన హాస్టళ్ళలో ఉన్నవాళ్ళలో చాలామందిమి మా ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. సన్నీసైడ్ బంగళా పేరు రాయడానికి అప్పుడు చదువుకున్నవాళ్ళు ఉన్నారు. మోసినవాళ్ళ పేరు రాయడానికి ఇప్పుడు మనం ఉన్నాం.

కామెంట్లలో మీ ఊరి డోలీ బాట పేరు రాయండి. ముందు ఊరు, తర్వాత వాగు, తర్వాత మోసినవాళ్ళు.

జోహార్.